ఎండిన కుంటలో ఎనిమిది అడుగుల నీళ్ళు

జిల్లా జలసమృద్ధి కార్యాలయంలో ట్యాంకర్ల సెక్షన్ సూపరింటెండెంటు మద్దిలేటికి యాభై ఐదేళ్ళు వచ్చేదాకా గోల్ఫ్‌తో ఏ సంబంధమూ లేదు. టీవీలో ఛానెల్ మారుస్తున్నప్పుడు తెల్ల ప్యాంట్లు వేసుకున్న మనుషులు గడ్డిలో దేనికోసమో వెతుక్కుంటూ పోవడం ఒకటి రెండుసార్లు చూశాడు. పాపం ఏం పోగొట్టుకున్నారో అనుకుని ఛానెల్ మార్చేశాడు.

ఆ ఏడాది మార్చిలో కొత్త డైరెక్టరు మార్తాండరావుగారు నాయకత్వ శిక్షణ కోసం మూడు వారాలు ఎక్కడికో వెళ్ళి, ఎండకు కమిలిన ముఖంతో, ముందుకు పొడుచుకొచ్చిన తెల్ల టోపీతో తిరిగొచ్చారు. మర్నాడే సిబ్బందిని సమావేశపరిచారు.

"మిత్రులారా, ఈ జిల్లాలో నీటి ఎద్దడికి మూలకారణం వర్షాభావమని మీరందరూ ఇన్నాళ్ళూ నివేదికలు రాస్తూ వచ్చారు. అది ప్రాథమిక అవగాహన మాత్రమే. అసలు కారణం నాయకత్వ లోపం. నాయకత్వం గోల్ఫ్ వల్ల అలవడుతుందని శిక్షణలో సహేతుకంగా నిరూపించారు. కాబట్టి మన కార్యాచరణ స్పష్టం."

సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చింది. సూపరింటెండెంటు, ఆపై స్థాయి ఉద్యోగులందరూ శాఖాపరమైన అమెచ్యూర్ గోల్ఫ్ క్లబ్బులో స్వచ్ఛందంగానూ తప్పనిసరిగానూ సభ్యులుగా చేరవలెను. మే నెల రెండో ఆదివారం ప్రథమ పోటీ జరుగును. పాల్గొనని వారి సంజాయిషీ వ్యక్తిగత ఫైలులో చేర్చబడును.

మద్దిలేటి ఆ కాగితం పట్టుకుని క్లబ్బు కార్యదర్శిగా నియమితుడైన ఇంజనీరు పరాంకుశం దగ్గరికి పోయాడు.

"అమెచ్యూర్ అంటే ఏంది సార్?"

"ఆడడం రాకపోయినా ఆడేవాడు" అన్నాడు పరాంకుశం. "ఆ అర్హత మనందరికీ ఉంది కనకనే ఆ పదం వాడాం."

ఆటస్థలం కోసం ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో, గుండాల అనే పల్లె పక్కన శాఖకున్న బీడు భూమిని ఎంపిక చేశారు. ఎర్రమట్టి, గులకరాళ్ళు, అక్కడక్కడ తుమ్మ చెట్లు. గడ్డి విత్తనాలు చల్లితే పిచ్చుకలు తిని పోయాయి. దాంతో గుంతలున్న తొమ్మిది చోట్లా ఇసుక పరిచి, దాని మీద ఆకుపచ్చ రంగు పొడి చల్లించారు. నిబంధనల పుస్తకంలో మాత్రం ఆటస్థలానికి నీటి అడ్డంకి ఒకటి ఉండాలని ఉంది. డైరెక్టరుగారు స్థల తనిఖీకి వచ్చి అదెక్కడని అడిగారు.

పరాంకుశం గుండాల కుంట చూపించాడు. మూడేళ్ళ నుంచి వాన చుక్క లేక ఆ కుంట అడుగు పలకలు పలకలుగా పగిలి ఉంది. ఆ పగుళ్ళ మధ్య మేకలు పడుకుని ఉన్నాయి.

"ప్రస్తుతానికి ఎండిపోయింది సార్" అన్నాడు.

"ప్రస్తుతం అనేది మారుతూ ఉంటుంది. డ్రాయింగ్ ప్రకారం పూర్తి సామర్థ్యం ఎంత?"

"ఎనిమిది అడుగులు సార్."

"అయితే ఎనిమిది అడుగులు. మన శాఖ గీసిన డ్రాయింగును మనమే నమ్మకపోతే ప్రజలు ఎందుకు నమ్ముతారు?"

వారం తిరక్కుండా కుంట గట్టు మీద బోర్డు లేచింది. 'ప్రమాదం. నీటి లోతు ఎనిమిది అడుగులు. ఈత నిషేధం.' చుట్టూ పసుపు రంగు గుంజలు పాతారు. లోతైన నీళ్ళున్నచోట రక్షణ సిబ్బంది ఉండి తీరాలి కాబట్టి ఇద్దరు గజ ఈతగాళ్ళను డెప్యుటేషన్ మీద రప్పించి, గట్టు మీద రెండు కుర్చీలు వేయించి, చెరొక లారీ ట్యూబు ఇచ్చారు. వాళ్ళు రోజూ ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఆ ట్యూబులు మెడలో వేసుకుని మేకల వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు.

మద్దిలేటి ఇవేవీ పట్టించుకునే స్థితిలో లేడు. శాఖ కొన్న కర్రల సంచులు ఆరే. అవి హోదా వరసలో మీదనే ఆగిపోయాయి. ఆయన స్టోరు గదిలో మూల పడేసిన చేతిపంపు పిడి ఒకటి ఇంటికి తెచ్చుకుని, తెల్లవారగానే మిద్దె మీద నిమ్మకాయలను కొట్టడం నేర్చుకుంటున్నాడు. మొదటి వారం పిడి నేలకు తగిలింది. రెండో వారం నిమ్మకాయకు తగిలింది. మూడో వారం ఎదురింటి వాళ్ళ వాకిట్లో పడిన నిమ్మకాయను వాళ్ళు మూడు దారుల కూడలిలో పారేసి, కాళ్ళు కడుక్కుని, ఇంటికి దిష్టి తీయించుకున్నారు.

"గెలిస్తే ఏమొస్తుందంట?" అని అడిగింది ఆయన భార్య సుంకమ్మ, బట్టలు ఆరేస్తూ.

"కప్పు."

"ఓడిపోతే?"

"ఓడిపోయినోళ్ళకు ఏం రాదు. ఆడనోళ్ళకు మెమో వస్తాది."

"అయితే కొట్టు" అంది సుంకమ్మ. "ఆ చీరె చిరిగిందనుకో, మెమో నేనిస్తా."

ఏప్రిల్ మొదటి వారంలో హ్యాండిక్యాప్‌లు ప్రకటించారు. పరాంకుశం సభ్యులందరినీ కూర్చోబెట్టి విశదీకరించాడు. బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి తొమ్మిది గుంతల్లోనూ వేయాలి. ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. తక్కువ దెబ్బలు పట్టినవాడే గెలిచినట్టు. హ్యాండిక్యాప్ అంటే ఆ మొత్తంలోంచి మినహాయించే దెబ్బలు.

"అంటే ఆట సరిగ్గా రానోళ్ళకు ఎక్కువ మినహాయిస్తారా సార్?" అని మద్దిలేటి ఆశగా అడిగాడు.

"అది అశాస్త్రీయం. మినహాయింపు ఒక సౌకర్యం. సౌకర్యం హోదాను అనుసరిస్తుంది. డైరెక్టరు స్థాయికి ముప్పై ఆరు. నా స్థాయికి ఇరవై నాలుగు. సూపరింటెండెంట్లకు నాలుగు."

అందరూ డైరీల్లో రాసుకున్నారు. రైల్లో బెర్తు అంతే, ఆఫీసులో కుర్చీ అంతే. దెబ్బలు మాత్రం ఎందుకు కావు?

ఆ మధ్యాహ్నమే పరాంకుశం మద్దిలేటిని మళ్ళీ పిలిపించాడు. బల్ల మీద వేసవి నీటి లభ్యత పట్టిక ఉంది. దాన్ని తయారు చేసేది మద్దిలేటి సెక్షనే. గుండాల కుంట ఎదురుగా 'శూన్యం' అని రాసి ఉంది.

"ఒకే కార్యాలయం నుంచి ఒకే కుంటకు రెండు లోతులు వెలువడడం పరిపాలనాపరంగా ఇబ్బందికరం. క్లబ్బు రికార్డుల్లో ఎనిమిది అడుగులు ఉంది. పోటీకి పక్క జిల్లా డైరెక్టరుగారిని ఆహ్వానిస్తున్నాం. పట్టికలు ఆయనకూ వెళతాయి. సవరించండి."

మద్దిలేటి ఇరవై తొమ్మిదేళ్ళుగా సంతకాలు పెడుతున్నాడు. కాగితం ముందుకొస్తే చాలు, ఆయన చెయ్యి ఆయనను అడక్కుండానే కదిలిపోతుంది. 'శూన్యం' కొట్టేసి '8' అని వేసి, పక్కన పొట్టి సంతకం గీశాడు. అది చాలా చిన్న సవరణ. సీటుకు తిరిగొచ్చేలోపే మర్చిపోయాడు.

ఒక కిలోమీటరు లోపు నిండు నీటి వనరు ఉన్న పల్లెకు ట్యాంకరు పంపకూడదని నియమం. గుండాలకు రోజూ పోయే ట్యాంకరు ఆ వారమే ఆగిపోయింది. ఖాళీ అయిన ట్యాంకరును వృథాగా ఉంచకూడదని ఇంకో నియమం. దాన్ని ఆటస్థలంలో రంగు ఇసుక ఎగిరిపోకుండా తడపడానికి కేటాయించారు.

అటెండరు ఈరమ్మ ఆఫీసుకు ఆలస్యంగా రావడం అప్పటినుంచే మొదలైంది. భర్త పోయాక ఆమెకు వచ్చిన ఉద్యోగం అది. పదమూడేళ్ళలో ఒక్కరోజు కూడా ఆలస్యం కాని మనిషి. మద్దిలేటి నియమం ప్రకారం ఎర్ర సిరాతో గుర్తు పెట్టాడు. మూడు ఎర్ర గుర్తులకు ఒక సెలవు కోత. రెండో కోత పడిన రోజు ఆమెను పిలిచాడు.

"ఏంది ఈరమ్మా ఇది? నీ మాదిరి మనిషి చేసే పనేనా?"

"ఏం జేసేది సార్. మా గుండాలకు ట్యాంకరు నిలిపేసినారు గదా. తెల్లారుజామున లేసి రెండు మైళ్ళు పోయి, రెడ్డిగారి తోట బోరు కాడ వరసలో నిలబడి, రెండు బిందెలు మోసుకొచ్చి, పిల్లోళ్ళకింత వండిపెట్టి బస్సెక్కేసరికి ఇంత పొద్దయితాంది."

"మీ ఊరికి ట్యాంకరు ఎవరు నిలిపేసినారు?"

ఈరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమో అని అనుమానపడి, కాదని తెలుసుకుని, మెల్లగా చెప్పింది.

"మీరే సార్. కాగితం మీద మీ సంతకమే ఉండాదని మా సర్పంచు సూపించినాడు. నాకు మీ సంతకం తెలుసు గదా. దినామూ నా పేరు పక్కన పెడతారు."

మద్దిలేటి ఆ రోజు అన్నం సగంలో వదిలేశాడు. మర్నాడు కుంట ఎండి ఉన్నదని, పట్టికను పునఃపరిశీలించాలని ఒక నోటు రాసి పైకి పంపాడు. అది మూడు రోజుల్లో తిరిగొచ్చింది. అంచు మీద డైరెక్టరుగారి చేతివ్రాత: 'కుంటలో నీరు లేనట్లయితే ఇద్దరు ఈతగాళ్ళను ఏ ప్రాతిపదికన నియమించినట్లు? సూపరింటెండెంటు దృక్పథంలో నాయకత్వ లక్షణాలు కొరవడినవి.'

నోటు తిరిగొచ్చిన సంగతి విని ఈరమ్మ ఒకటే ప్రశ్న అడిగింది. "పోనీ కుంటలో నీళ్ళుంటే, ఇసక మీదికి ఆ నీళ్ళే తోడుకోవచ్చు గదా సార్, ట్యాంకరెందుకు?"

ఆ ప్రశ్న మద్దిలేటి పరాంకుశాన్ని అడిగాడు. కుంటలోని నీరు ప్రమాదం పద్దు కింద ఉందని, దాన్ని తడుపు పద్దుకు మళ్ళించడం కుదరదని పరాంకుశం చెప్పాడు.

మే నెల రెండో ఆదివారం ఉదయం ఏడింటికి షామియానా కింద మైకు గరగరలాడింది. మార్తాండరావుగారు రిబ్బను కత్తిరించి, ఈ రోజు జిల్లా చరిత్రలో ఒక మలుపన్నారు. పక్క జిల్లా డైరెక్టరు చంద్రమౌళిగారు తనతోబాటు సొంత కర్రలూ, దూరదర్శినీ, మడత కుర్చీ తెచ్చుకున్నారు. ఇద్దరూ ఒకే ఏడాది సర్వీసులో చేరినవాళ్ళు. చేరిన నాటినుంచీ ఒకరి జిల్లా గురించి ఒకరు ఆప్యాయంగా విచారిస్తూ ఉంటారు.

ఆటగాళ్ళను జతలుగా పంపుతారు. ఒకరి దెబ్బలు ఇంకొకరు కార్డులో రాయాలి. దస్తూరీ బాగుంటుందని మద్దిలేటిని డైరెక్టరుగారితో జత చేశారు. సంచులు మోయడానికి అటెండర్లకు డ్యూటీ వేశారు. ఈరమ్మ మద్దిలేటికి వచ్చింది. ఆయన సంచిలో ఉన్నది చేతిపంపు పిడీ, కొన్ని బంతులూ. సంచిని భుజానికి తగిలించుకోవాలని ఎంత చెప్పినా వినక, చుట్టకుదురు పెట్టి నెత్తిన పెట్టుకుంది.

మద్దిలేటి మొదటి దెబ్బ గాలికి తగిలింది. రెండోదీ గాలికే. మూడో దెబ్బకు కొంత మట్టి లేచి డైరెక్టరుగారి టోపీ మీద పడింది. నాలుగో దెబ్బకు బంతి పది గజాలు దొర్లింది. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళు సగం మంది గుండాల వాళ్ళు. పెద్ద ఆఫీసర్లు ఎండలో అంత కష్టపడడం వాళ్ళెన్నడూ చూడలేదు.

"సార్, గాలికి కొట్టింది కూడా లెక్కనేనా?" అని మద్దిలేటి అడిగాడు.

"ఉద్దేశం ఉంటే లెక్కే" అన్నారు మార్తాండరావుగారు. తమ విషయంలో మూడుసార్లు ఉద్దేశం లేదని ఆయన ముందే తెలియజేశారు.

నాలుగో గుంతకు పోయే దారిలో కుంట ఉంది. మద్దిలేటి కొట్టిన బంతి గుంజలు దాటి కుంట అడుగున, పడుకున్న మేకకు మూరెడు దూరంలో ఆగింది. ఆయన గట్టు దిగబోయాడు. ఈతగాళ్ళిద్దరూ ఈల ఊదుతూ లేచారు. పరాంకుశం గొడుగు వేసుకుని వచ్చాడు.

"దిగకండి. ఎనిమిది అడుగుల లోతు. బంతి మునిగిపోయింది."

"కనిపిస్తాంది గదా సార్."

"నీళ్ళు స్వచ్ఛంగా ఉన్నాయి కాబట్టి కనిపిస్తోంది."

"ఆ నీళ్ళల్లో మేక పండుకొనుంది సార్" అంది ఈరమ్మ సంచి కింద నుంచి.

"మేక క్లబ్బు సభ్యురాలు కాదు. దానికి మన నిబంధనలు వర్తించవు. ఒక దెబ్బ జరిమానా వేసుకుని, ఇటువైపు నుంచి ఇంకో బంతి కొట్టండి."

మద్దిలేటి ఇంకో బంతి కొట్టాడు. అదీ మునిగింది. మూడోది కూడా. నాలుగో బంతి గట్టు దాటేసరికి కార్డులో ఆ ఒక్క గుంతకే పంతొమ్మిది పడ్డాయి. మేక లేచి మూడు బంతులనూ వాసన చూసి, తినదగినవి కావని పక్కకు పోయింది.

అయితే ఆరో గుంత దగ్గర ఒక సంగతి జరిగింది. మద్దిలేటి ఎప్పటిలాగే కళ్ళు సగం మూసుకుని పిడి విసిరాడు. చేతికి ఏ అదురూ తెలియలేదు, చిన్న చప్పుడు మాత్రం వినపడింది. తల ఎత్తితే బంతి ఆకాశంలో ఉంది. తుమ్మ చెట్ల మీదుగా, తను ఎన్నడూ ఏ వస్తువునూ పంపనంత దూరం పోయి, మెత్తగా దిగింది. మద్దిలేటి నోరు తెరుచుకుని అట్లాగే నిలబడ్డాడు. ఎవరి ఆమోదమూ లేకుండా, ఏ నోటూ పెట్టకుండా, తన చేత్తో తను చేసిన పని ఒకటి అంత దూరం పోగలదని ఆయనకు తెలియదు.

"భలే కొట్టినావు సార్" అంది ఈరమ్మ.

"నేనేనా కొట్టింది?"

"మరింకెవురు?"

మార్తాండరావుగారు గొంతు సవరించుకుని, ఇటువంటి దెబ్బలు యాదృచ్ఛికమని సెలవిచ్చారు.

ఎండ పెరిగింది. ముందు జతలో వెళ్ళిన చంద్రమౌళిగారు తొంభై ఏడు దెబ్బల్లో ఆట ముగించి, ముప్పై ఆరు మినహాయించుకుని, అరవై ఒకటితో తొమ్మిదో గుంత పక్కనే మడత కుర్చీలో కూర్చున్నారు. పరాంకుశం తను గెలుస్తాననే ఆశ వదులుకుని చెట్టు నీడన ఉన్నాడు. మిగిలింది డైరెక్టరుగారొక్కరే. ఎనిమిది గుంతలకు ఆయనవి ఎనభై ఎనిమిది. తొమ్మిదో గుంతకు ముందు మళ్ళీ అదే కుంట అడ్డం వస్తుంది. అక్కడికి చేరేసరికి తొంభై మూడు అయ్యాయి. తొంభై నాలుగో దెబ్బ ఎగిరి, గట్టు దాటినట్టే కనిపించి, రాయికి తగిలి వెనక్కి దొర్లి కుంట నడిమధ్యలో ఆగింది.

లెక్క అందరికీ తెలుసు. జరిమానా వేసి ఇటునుంచి మళ్ళీ కొట్టిస్తే కప్పు పక్క జిల్లాకు పోయినట్టే. ఉన్నచోటునుంచే కొట్టనిస్తే రెండు దెబ్బల్లో ముగించి, ఒక్క దెబ్బ తేడాతో గెలవొచ్చు.

"పరాంకుశం" అన్నారు మార్తాండరావుగారు. "బంతి ఆడదగిన స్థితిలో ఉన్నట్లు నాకు కనిపిస్తోంది."

పరాంకుశం గొడుగు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చాడు. "సార్, ఉదయం నాటికి నీటిమట్టం ఎనిమిది అడుగులు. అయితే నేటి ఉష్ణోగ్రతను పరిగణనలోకి తీసుకున్నట్లయితే..."

కుర్చీలోంచి చంద్రమౌళిగారు లేచారు. "క్షమించాలి. మీ సూపరింటెండెంటుకు ఇక్కడే మూడు జరిమానాలు వేశారు. ఆయనకు నీళ్ళు, మీకు నేలా? నేలే అయితే కారణం కార్డులో రాతపూర్వకంగా నమోదు కావాలి, మీరు సంతకం చేయాలి. లేకుంటే ఫలితాన్ని నేను అంగీకరించను, పైకి రాస్తాను."

"రాయండి మద్దిలేటీ" అన్నారు మార్తాండరావుగారు బంతి మీదనుంచి చూపు తిప్పకుండా. "త్వరగా."

కార్డు కింద కమిటీ నిర్ణయానికి రెండు గీతల జాగా ఉంది. మద్దిలేటి కలం తీశాడు. చెయ్యి ఎప్పటిలాగా ముందుకు కదల్లేదు. ఈసారి ఆయన కోసం ఆగింది. వెనక ఈరమ్మ సంచి దించి చెమట తుడుచుకుంటోంది. గట్టు అవతల ట్యాంకరు తొమ్మిదో గుంత ఇసుకను తడుపుతోంది. గుండాల ఆడవాళ్ళు ఆ పైపు వైపే చూస్తున్నారు.

ఆయన గుండ్రటి అక్షరాలతో రాశాడు. 'గుండాల కుంటలో నీరు లేదు. అడుగు పూర్తిగా ఎండి ఉంది. గత మూడేళ్ళుగా ఇదే పరిస్థితి. కనుక బంతిని నేల మీదనుంచి ఆడుటకు అనుమతించడమైనది.'

మూడేళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. అది ఆయన సొంతంగా చేర్చింది. రాసి కార్డును డైరెక్టరుగారికి అందించాడు.

మార్తాండరావుగారు చదవకుండానే సంతకం పెట్టారు. పరాంకుశం చదివాడు గానీ, డైరెక్టరుగారి సంతకం పడిన కాగితం మీద ఆలోచించే అలవాటు అతనికి లేదు. చంద్రమౌళిగారు సాక్షిగా సంతకం చేసి, తనకొక నకలు కావాలన్నారు. ఇంకొకటి సంబంధిత సెక్షన్‌కు పోవాలి కదా అని మద్దిలేటి నిదానంగా గుర్తు చేసి, మూడు ప్రతులు రాశాడు.

మార్తాండరావుగారు గట్టు దిగి, ఎనిమిది అడుగుల లోతులో నిలబడి, కర్ర ఎత్తారు. బంతి గట్టెక్కి, తడి ఇసుకలో గుంతకు జానెడు దూరంలో ఆగింది. ఇంకో దెబ్బకు లోపల పడింది. ఈతగాళ్ళు కూడా ట్యూబులు పైకెత్తి చప్పట్లు కొట్టారు. మద్దిలేటి మొత్తం దెబ్బలు నూట డెబ్బై నాలుగు. మినహాయింపు నాలుగు. ఆఖరు స్థానం.

సోమవారం ఉదయం సంబంధిత సెక్షన్‌కు ఒక నకలు అందింది. సంబంధిత సెక్షన్ మద్దిలేటే. డైరెక్టరుగారు స్వయంగా ధ్రువీకరించిన క్షేత్ర పరిశీలన అని నోటు పెట్టి గుండాలకు ట్యాంకరు పునరుద్ధరణ ఉత్తర్వు తయారు చేశాడు. పై సంతకం ఉంది కాబట్టి మధ్యలో ఎవరూ ఆపలేదు. బుధవారం ట్యాంకరు గుండాల పోయింది. ఆటస్థలంలో ఆకుపచ్చ రంగు శుక్రవారానికి గాలికి పోయింది.

మరుసటి వారం మెమో వచ్చింది. ఏప్రిల్‌లో సదరు సూపరింటెండెంటు ఎనిమిది అడుగుల నీరున్నట్లు ధ్రువీకరించెను. మే నెలలో శూన్యమని రాసెను. మధ్యలోని నీరు ఏమైనదో మూడు రోజుల్లో వివరించవలెను. విచారణాధికారి పరాంకుశం.

విచారణలో మొదట ఈరమ్మను పిలిచారు. పోటీ రోజున కుంటలో నీరు చూశావా అని అడిగారు.

"నీళ్ళు నేను సూడలేదు సార్. డైరెక్టరు సారు కుంటలోనించి ఎక్కినాక బూట్లకు దుమ్ము పట్టుంటే నేనే తుడిసినా."

పరాంకుశం ఆ వాక్యం దగ్గర కలం ఆపి, ఆమెను పంపేసి, తలుపు వేయించాడు.

"మద్దిలేటిగారూ, మీ సర్వీసు ఇంకా అయిదేళ్ళుంది. సానుభూతితో చెబుతున్నాను. పోటీ రోజు ఎండ దెబ్బ తగిలి కార్డులో పొరపాటుగా రాశానని ఒక్క ముక్క ఇవ్వండి. ఫైలు మూసేస్తాను. ట్యాంకరు ఉత్తర్వు దానంతటదే రద్దవుతుంది."

మద్దిలేటి సుంకమ్మతో ముందురోజే మాట్లాడాడు. ఏం చేయమంటావని అడిగితే, నీకు నిద్ర పట్టేది చెయ్యి అని పోయి పప్పు గిలకొట్టుకుంది.

"కార్డు తప్పంటే కప్పు చంద్రమౌళి సారుది అయితాది గదా సార్" అన్నాడు. "నకలు ఆయన కాడ కూడా ఉండాది."

పరాంకుశం లేచి పక్క గదిలోకి పోయి ఫోను చేశాడు. చాలాసేపు 'అవును సార్' అనే మాటే వినపడింది. తిరిగొచ్చి కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"సమగ్ర పరిశీలన మీదట కార్డు సరైనదేనని తేలింది. ఏప్రిల్ పట్టికే అవాస్తవం. అది ఎవరి సంతకంతో వెలువడింది?"

దాన్ని సవరించమన్నది ఎవరో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. మద్దిలేటి ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే విచారణ ఇంకో మూడు నెలలు సాగుతుంది, అన్నాళ్ళూ ఉత్తర్వు గాల్లో ఉంటుంది.

"నా సంతకమే సార్. ఏప్రిల్‌లో నేను అబద్ధం రాసినా."

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన ఇచ్చిన సంజాయిషీల్లో ఇంత పొట్టిది లేదు. దాన్ని ఏ నమూనాలో రాసుకోవాలో తెలియక పరాంకుశం కాసేపు తికమక పడ్డాడు. చివరకు, తప్పుడు గణాంకాలతో గుండాల ప్రజలను ఇబ్బంది పెట్టినందుకు సూపరింటెండెంటును జిల్లా చివరి మండలంలో పాత రికార్డుల విభాగానికి బదిలీ చేయవలెనని సిఫారసు చేశాడు. ఒక ఇంక్రిమెంటు ఆపారు. పోటీలో పాల్గొన్నందుకు ప్రశంసాపత్రం కూడా అదే కవరులో వచ్చింది. కప్పు డైరెక్టరుగారి గదిలో, వచ్చేవాళ్ళకు ఎదురుగా కనిపించేటట్టు, గాజు అల్మరాలోకి చేరింది.

కొత్త చోటుకు పోయే బస్సు గుండాల మీదుగా పోతుంది. చేరాల్సిన రోజు మద్దిలేటి ట్రంకు పెట్టె, భోజనం క్యారియరూ పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. పది గంటలప్పుడు బస్సు ఊళ్ళో ఆగిపోయింది. ఇరుకు దారికి అడ్డంగా ట్యాంకరు నిలబడి ఉంది. దాని చుట్టూ ప్లాస్టిక్ బిందెలు, స్టీలు బిందెలు, డబ్బాలు, ఒక చంటిబిడ్డ స్నానాల తొట్టి. ఈరమ్మ వాళ్ళలో లేదు. పది గంటలకు ఆమె ఆఫీసులో ఉంటుంది.

డ్రైవరు హారను కొట్టాడు. ఒక ముసలామె బిందెను ఇంకాస్త పైపు దగ్గరికి జరుపుకుంది గానీ తల తిప్పలేదు. కండక్టరు తల బయటపెట్టి కేకేశాడు. ఎవరూ వినలేదు. అతను విసుక్కుంటూ మద్దిలేటి దగ్గరికి వచ్చాడు.

"సార్, మీరు నీళ్ళ ఆఫీసు సారు గదా. దిగి ఆ ట్యాంకరును రవ్వంత పక్కకు తీయమని సెప్పండి. మీరు సెప్తే ఇంటారు. మాకు టైమయిపోతాంది."

మద్దిలేటి జేబులోంచి బదిలీ ఉత్తర్వు తీసి చూశాడు. పదకొండున్నరలోపు చేరి రిపోర్టు చేయవలెనని ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన ఎక్కడికీ ఆలస్యంగా పోలేదు. కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఉండనీప్పా" అన్నాడు. "నిండనీ."

కండక్టరు ముందుకు పోయి ఏదో చెప్పాడు. డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. బస్సంతా సద్దుమణిగాక, బిందెలో నీళ్ళు పడే చప్పుడు లోపల అందరికీ వినపడింది.